ఆవని భూములు: గుడి ఎవరి రక్షణలో, కొండ ఎవరి అధీనంలో, గోమాళం ఎవరి చేతిలో

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవని గ్రామం బంగారు గనుల పట్టణానికి ఉత్తరంగా సుమారు పది మైళ్ళ దూరంలో ఉన్నది. వాల్మీకి ఆశ్రమం ఇచ్చటనే ఉండెననీ, సీతమ్మ లవకుశులను కన్నది ఈ కొండపైననేననీ స్థలపురాణం చెప్పుచున్నది. కొండ దిగువన రామలింగేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర ఆలయాలు ఒకే ఆవరణలో నెలకొని ఉన్నవి. ఇవి 10వ శతాబ్దపు నొళంబుల కాలపు కట్టడాలు. ఆవని స్థానాన్ని నలభై ఏండ్లు ఏలిన త్రిభువనకర్త అను గురువు యాభై గుళ్ళు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించి, క్రీ.శ. 961లో కాలధర్మం చెందెనని ఇచ్చటి శాసనం వలన తెలియుచున్నది. గుడికీ, చెరువుకూ, ఊరి నేలకూ ఒక్కడే పాలకుడైన కాలమది. నేడు గుడి గోడ ఒక ప్రభుత్వపు రక్షణలోను, గుడి ముందరి వీధి మరొక ప్రభుత్వపు లెక్కలలోను ఉన్నవి.

ఈ విభజనకు మూలం రాజ్యాంగంలోని 7వ షెడ్యూలు. భూమి అనునది రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటింపబడిన పురాతన కట్టడాలు మాత్రం కేంద్ర జాబితాలోని 67వ అంశం క్రిందకు వచ్చును. తక్కిన ప్రాచీన కట్టడాలు రాష్ట్రానివి. వాటికి కర్ణాటకలో 1961 నాటి చట్టం కలదు. ఆవని రామలింగేశ్వర ఆలయ సముదాయం, అక్కడి శాసనాలు కేంద్ర పురావస్తు శాఖ బెంగుళూరు విభాగపు రక్షణలో ఉన్నవి. అమెరికాలో నెవాడా వంటి రాష్ట్రంలో నూటికి సుమారు ఎనభై వంతుల నేల కేంద్ర ప్రభుత్వపు సొత్తు కాగా, అచ్చటి తగవు స్వామ్యం గురించినది. మన వద్ద చాలవరకు నేల రాష్ట్రపు పుస్తకాలలోనే ఉండును. కేంద్రం దానిపై ఆంక్ష మాత్రమే విధించును. తగవు పుట్టునది ఆ ఆంక్ష దగ్గరనే.

1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టాన్ని 2010లో సవరించిరి. దాని ప్రకారం రక్షిత ప్రదేశపు హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అటుపై మరి 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. కొలత గోపురం నుండి కాదు, గర్భగుడి నుండి అంతకన్నా కాదు; రక్షిత ప్రదేశపు హద్దు నుండి. ఊళ్ళలో పొరపాటు ఎక్కువగా ఇచ్చటనే జరుగుచుండును. నిషిద్ధ ప్రాంతంలో క్రొత్త ఇల్లు కట్టరాదు. 1992 జూన్ 16కు పూర్వమే ఉన్న ఇంటికి మరమ్మతు చేసికొనవచ్చును గాని, దానికీ అనుమతి ఉండవలెను. నియంత్రిత ప్రాంతంలో క్రొత్త కట్టడానికి కూడ అనుమతి పొందవచ్చును. దరఖాస్తును సక్షమ అధికారికి ఇయ్యవలెను. ఆయన 15 దినాలలో దానిని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపవలెను. ఆ సంస్థ రెండు నెలలలో అభిప్రాయం తెలుపవలెను. తరువాత ఒక నెలలో అధికారి తీర్మానం చేయవలెను. అనుమతి లేక కట్టినవారికి రెండేండ్ల వరకు కారాగార శిక్షగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును.

ప్రజలకు అంతగా తెలియని మేలు కూడ ఈ చట్టంలో ఒకటి కలదు. మురుగు కాలువ తవ్వుట, బాగుచేయుట, ప్రజలకు మంచినీటి సరఫరా పనులు, సామూహిక మరుగుదొడ్లు ఇందులో "నిర్మాణం" అను మాట క్రిందకు రావు. గుడి దగ్గరి వీధికి కుళాయి వేయుటకు కేంద్రం అడ్డు అని ఎవరైనను చెప్పినచో, ఆ మాటను చట్టంతో సరిచూచుకొనుట మంచిది.

అసలు చిక్కు వేరొక చోట ఉన్నది. గ్రామ పంచాయితీ రాష్ట్ర చట్టం క్రింద పనిచేయును. అది లైసెన్సు ఇచ్చును, ఖాతా చేయును, కందాయం వసూలు చేయును. ఆ కాగితాలన్నియు సక్రమంగా ఉన్నను కేంద్ర చట్టపు అనుమతికి అవి బదులు కావు. ఇల్లు సగం లేచిన తరువాత నోటీసు వచ్చినచో నష్టం పూర్తిగా ఇంటి యజమానిదే. ఆపైన రక్షిత ప్రదేశంలో అనుమతి లేని కట్టడాన్ని తొలగింపుమని కేంద్రం ఆజ్ఞ ఇచ్చి, యజమాని వినకున్నచో, దానిని తొలగింపజేయు అధికారం చట్టం జిల్లా కలెక్టరుకే ఇచ్చినది. అనగా ఉత్తరువు కేంద్రానిది, గునపం పట్టవలసిన చేయి రాష్ట్రానిది. రాష్ట్రపు అధికారికి ఊరివారి ముఖం రోజూ చూడవలసిన అవసరం ఉండును గనుక, ఇటువంటి ఉత్తరువులు ఫైళ్ళలో నిద్రించుట వింత కాదు.

కొండలు, గుట్టల సంగతి మరొక విధం. పహణీలో ఆ సర్వే నంబరు ఏ వర్గంలో ఉన్నదో మొదట చూడవలెను. అడవులు పూర్వం రాష్ట్ర జాబితాలో ఉండెడివి. 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి మారినవి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వచ్చిన పిమ్మట, కేంద్రపు ముందస్తు ఆమోదం లేక అటవీ భూమిని మరొక పనికి ఇచ్చు అధికారం రాష్ట్రానికి లేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో పేరు ఏదైనను, నిఘంటువు అర్థంలో అడవియైనది అడవియేనని తేల్చినది. కావున రెవెన్యూ శాఖ ఎన్నడో సాగుచీటీ ఇచ్చిన నేలను అటవీ శాఖ తనదనుట జరుగుచున్నది. 2023లో శ్రీనివాసపుర తాలూకాలో మామిడి తోటలపై నడిచిన ఆక్రమణ తొలగింపులు సరిహద్దు పల్లెలకు ఇంకను గుర్తే. ఒకే రాష్ట్రపు రెండు శాఖల తగవువలె కనబడినను, వెనుక నిలిచియున్నది కేంద్ర చట్టమే.

గోమాళం మాత్రం పూర్తిగా రాష్ట్రానిది. ఆంధ్ర వైపు బంధువులు మేత పొరంబోకు అనునది ఇదే. కర్ణాటక నియమాల ప్రకారం ప్రతి నూరు పశువులకు 12 హెక్టార్లు, అనగా సుమారు 30 ఎకరాలు, మేతకు విడువవలెను. బగర్ హుకుం సాగును సక్రమం చేసిన కొలది ఈ నేల తరుగుచుండును. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి నేలలను ఆక్రమణల నుండి విడిపింపుమని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు ఆదేశించినది. శివరాత్రికి పశువుల జాతర జరుగు ఆవనికి ఈ లెక్క అవసరం. గ్రామ లెక్కిగుని వద్ద గోమాళపు సర్వే నంబర్లు, విస్తీర్ణం అడిగి వ్రాసికొనుట ప్రతి ఊరివారు చేయదగిన పని.

ఈ జిల్లాలో కేంద్ర రాష్ట్రాల నడుమ అన్నిటికన్నా పెద్ద నేల వ్యవహారం బంగారు గనులది. మైసూరు రాష్ట్రం 1956లో గనులను జాతీయం చేసినది. 1962లో అవి కేంద్రానికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడి, 2001లో మూతపడినది. తవ్వకం ఆగినను నేల కేంద్ర సంస్థ చేతిలోనే నిలిచిపోయినది. అక్కడ పరిశ్రమలు పెట్టుటకు ఆ నేలను తిరిగి ఇమ్మని రాష్ట్రం అడుగుచు వచ్చినది. 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం, సుమారు 1,003 ఎకరాలలోని 13 సైనైడు దిబ్బల నుండి మిగిలిన బంగారం తీయుటకు కేంద్రపు ప్రతిపాదనకు సమ్మతి తెలిపినది. గాలి వీచినపుడెల్ల ఆ దిబ్బల దుమ్ము కంట్లో పడువారు గని కార్మికుల కుటుంబాలవారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. కాలనీ ఇండ్ల హక్కులు, దిబ్బల నేల అప్పగింతలు రెండు ప్రభుత్వాల బల్లలపై వేర్వేరు ఫైళ్ళుగా నడచుచు వచ్చినవి.