చక్రాలెక్కిన అడవి

రైలు దిగిన ప్రయాణికులను పెట్టెబేడాతో సహా హోటళ్లకు చేర్చడానికి పుట్టిన బండి స్టేషన్ వ్యాగన్. పేరులోని స్టేషన్ రైల్వే స్టేషనే. తొలినాళ్లలో అమెరికాలో కింది చట్రం, ఇంజను కార్ల కంపెనీ నుంచి వచ్చేవి. పైన గూడు కట్టేది వడ్రంగి. కొద్దిపాటిగా అమ్ముడయ్యే బండికి ఉక్కు అచ్చులు పోయించడం కంటే కొయ్యతో కట్టడమే చవక. ఆ కొయ్య బండ్లకే తర్వాత ‘వుడీ’ అని ముద్దుపేరు వచ్చింది.

1929లో హెన్రీ ఫోర్డ్ తన మోడల్-ఎ కార్లలో స్టేషన్ వ్యాగన్‌నూ చేర్చాడు. కలపకు ఆయనకు లోటు లేదు. మిచిగన్ రాష్ట్రం ఉత్తర భాగంలో 3 లక్షల ఎకరాలకు పైగా అడవి అప్పటికే ఆయన చేతిలో ఉంది. ఐరన్ మౌంటెన్ పట్టణంలోని మిల్లులో మేపుల్, బర్చ్ దుంగలను కోసేవారు. మిగిలిన చెక్కముక్కలు, రంపపు పొట్టు కూడా వృథా పోనివ్వలేదు. వాటిని బొగ్గు ఇటుకలుగా మార్చి తన కార్ల డీలర్ల దగ్గరే అమ్మించాడు. అడవి బేరం కుదిర్చిన బంధువు కింగ్స్‌ఫర్డ్ పేరుతో ఆ బొగ్గు నేటికీ అమెరికా పెరళ్లలో రాజుకుంటోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అదే మిల్లు 4,000కు పైగా సైనిక గ్లైడర్లు కట్టింది. కొయ్యపనిలో అంతటి నేర్పు అది.

యుద్ధం ముగిశాక గాలి మారింది. 1946లో విల్లీస్, 1949లో ప్లిమత్ పూర్తి ఉక్కు వ్యాగన్లు తెచ్చాయి. వుడీకైతే ఏటా గీకి, వార్నిష్ పూయాలి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. 1951 చివర్లో ఐరన్ మౌంటెన్ ప్లాంటు మూతపడింది. 1953 బ్యూక్ తర్వాత అమెరికాలో అసలు కొయ్య వ్యాగన్ల తయారీ ఆగిపోయింది.

ధర పడిపోయిన ఆ పాత బండ్లను కాలిఫోర్నియా తీరపు కుర్రకారు అక్కున చేర్చుకుంది. పొడవాటి సర్ఫింగ్ బోర్డులు పట్టే చవక వాహనం వాళ్లకు ఇంకెక్కడిది? 1963లో జాన్ అండ్ డీన్ పాడిన ‘సర్ఫ్ సిటీ’ వుడీని దేశమంతటికీ పరిచయం చేసింది.

ఇప్పుడు వుడీ కొనేవారికి ఇంజను అంత బెంగ కాదు. పాత ఫోర్డ్ విడిభాగాలు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. చూడాల్సింది కొయ్యనే. తలుపుల అడుగంచు, కిటికీ మూలలు, వెనక తలుపు కింది భాగం నీరు నిలిచే చోట్లు. అతుకు దగ్గర నల్లటి చార కనిపిస్తే తడి లోపలికి దిగినట్టే. తలుపు తెరిచి కొద్దిగా పైకెత్తితే, చట్రం వదులైందో లేదో చేతికే తెలుస్తుంది. 1953 నుంచి 1971 దాకా వచ్చిన బ్రిటన్ మోరిస్ మైనర్ ట్రావెలర్‌లో అయితే వెనక భాగాన్ని మోసేదే యాష్ కొయ్య. అది పుచ్చితే ఒకప్పుడు అక్కడి తప్పనిసరి వార్షిక తనిఖీలో బండి నెగ్గేది కాదు.

ఇంత చాకిరీ చేసినవాళ్లు తమ బండ్లను దాచుకోరు. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో జరిగే వేవ్‌క్రెస్ట్ మేళాలో సముద్రం పక్కన వుడీలు బారులు తీరుతాయి. కప్పు మీద సర్ఫింగ్ బోర్డులు, ఎండకు తేనెరంగులో మెరిసే వార్నిష్, దాని కింద స్పష్టంగా కనిపించే మేపుల్ ఈనెలు.