ఆశ్రయమూ – స్వప్రయోజనమూ
తెలంగాణా ప్రవాసులు, కృష్ణా డెల్టా: ఒక చారిత్రక పరిశీలన

తమ గడ్డమీద నోరెత్తే వీలులేక పొరుగు సీమకు చేరిన మనిషిని పాలకులు ఏ కాలంలోనైనా ఒకే నిందతో కొట్టిపారవేస్తూ వచ్చారు: వీడు పరాయివాడి చేతిలో కీలుబొమ్మ అని. నిజాం ప్రభుత్వం ఆ మాటే అన్నది, నేటి ప్రభుత్వాలూ అదే అంటున్నాయి. ఈ నింద ఒక్కొక్కప్పుడు పచ్చి అబద్ధం. ఒక్కొక్కప్పుడు అందులో కొంత నిజం ఉంటుంది. నిజమెంతో, అబద్ధమెంతో తేల్చుకొనే పద్ధతి ఒకటి మనకు కావాలి.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు? క్యూబాలో జైలు పాలైన అసమ్మతివాదులకు ఫ్లారిడాలోని క్యూబన్ ప్రవాసులు అండగా నిలుస్తున్నారన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన విద్యార్థులలో, అధ్యాపకులలో చర్చ రెండు ముక్కల్లో ముగిసిపోతున్నది. అమెరికా డబ్బు కనుక అంతా కుట్రే అని ఒకరు. ప్రవాసి కనుక అంతా త్యాగమే అని మరొకరు. రెండూ ఆలోచనకు బద్ధకించే మాటలే. హవానా దాకా పోయేముందు మన ఇంటి చరిత్రను ఒకసారి విప్పి చూడడం మంచిది. సుమారు ఎనభై ఏళ్ల క్రితం బెజవాడ మొదలు గుడివాడ, బందరు, దివిసీమ దాకా ఈ కృష్ణా డెల్టా ప్రవాసులకు ఆశ్రయమిచ్చిన నేల.

మొదట సరిహద్దు సంగతి. తెలంగాణాకూ కృష్ణాజిల్లాకూ మధ్య గీసిన గీత భాష గీసినది కాదు, కొండలూ నదులూ గీసినది కాదు. 1759లో ఇంగ్లీషు కంపెనీ సేనలు బందరు కోటను ఫ్రెంచివారినుంచి పట్టుకున్నాయి. సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1766 సంధితో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. అప్పటినుంచి ఒకే భాష మాట్లాడే ప్రజ రెండు ఏలుబడుల కింద బతికింది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు దిగువకు పారాయి. మెట్టపంటల చోట మాగాణి వచ్చింది. వరి వెంట మిగులు, మిగులు వెంట బడులు, పత్రికలు వచ్చాయి. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. బ్రిటిషు పాలన ఉదారమైనది కావడంవల్ల ఇదంతా జరగలేదు. ఉప్పు సత్యాగ్రహం నాటి లాఠీల సంగతి బందరుకు బాగా తెలుసు. అయినా ఇక్కడ సభ జరుపుకోవచ్చు, సంఘం పెట్టుకోవచ్చు, పత్రిక అచ్చువేయవచ్చు. సరిహద్దు దాటితే ఆ మాత్రమూ లేదు.

అవతల ఉన్నదేమిటి? వెట్టిచాకిరీ, దేశముఖుల గడీలు, తెలుగుకు తావులేని పాఠశాలలు, అనుమతి లేనిదే సభ జరపరాదన్న ఆంక్షలు. 1921లో హైదరాబాదు నగర సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును అవమానించగా, ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. అదే పెరిగి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ అయినది. 1944 భువనగిరి సభనాటికి మహాసభ గ్రంథాలయోద్యమపు హద్దులు దాటి రైతు సంఘంగా మారింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. ఆ తరువాత నిర్బంధం ముమ్మరమైంది. అటు 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే నిషేధించారు. ఎర్రజెండావారైనా, మువ్వన్నెల జెండావారైనా, హక్కుల మాట ఎత్తినవారికి జైలో, అజ్ఞాతవాసమో, సరిహద్దో తప్ప నాలుగో దారి మిగలలేదు.

అలా దాటి వచ్చినవారికి బెజవాడ మొదటి మజిలీ. 1947–48లో రజాకార్ల దాడులు పెచ్చుమీరాక సామాన్య జనం కూడా కాందిశీకులై వేలసంఖ్యలో ఇటు వచ్చారు. స్టేట్ కాంగ్రెసువారు సరిహద్దుల వెంబడి శిబిరాలు నడిపారు. కమ్యూనిస్టులు తమ కేంద్రాలను ఇటువైపు పెట్టుకున్నారు. దివిసీమలోని మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు వంటివారు ఆ పోరాటానికి నాయకులయ్యారు. డెల్టా తన మిగులులో కొంత చందాగా, ధాన్యంగా, మందులుగా ఇచ్చింది. అన్నిటికన్నా మిన్నగా నోరిచ్చింది. హైదరాబాదులో అచ్చుకాని వార్త బెజవాడ 'ప్రజాశక్తి'లో అచ్చయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. నల్లగొండ రైతు కష్టాన్ని చూసి డెల్టా రైతు కంటతడి పెట్టాడు. ఆ నాటకాన్ని నిషేధించింది నిజాం కాదు, మద్రాసు ప్రభుత్వం. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దీని వద్దకు వస్తాము.

ఇక నిజాం ప్రభుత్వపు ఆరోపణ: ఇదంతా బయటినుంచి వచ్చిన ఆంధ్ర కమ్యూనిస్టులు రగిలించిన చిచ్చు అని. సాయం బయటినుంచి వచ్చిన మాట నిజమే. కాని కొమరయ్య బయటివాడా? బొగ్గుముక్కతో నిజామాబాదు జైలు గోడమీద పద్యాలు రాసిన దాశరథి, ఆయనతోపాటు అక్కడే బందీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి బయటివారా? వెట్టిని బెజవాడ కల్పించలేదు. కష్టం లోపలిది, తెగువ లోపలిది; బయటివారు దానికి గొంతునూ గింజనూ సమకూర్చారు. నిప్పు లేని చోట ఎంత ఊదినా మంట లేవదు.

అంతమాత్రాన ఆశ్రయమిచ్చినవారిని దేవతలను చేయనక్కరలేదు. డెల్టాలో ఉద్యమానికి అండగా నిలిచినవారిలో భూవసతిగల కుటుంబాలవారు చాలామంది. దూరపు దేశముఖుడిని దూషించడం సులువు. తన చేలో నాట్లు వేసే కూలీకి కూలి పెంచడం కష్టం. దివిసీమలో చల్లపల్లి జమీందారీ రైతులు భూమికోసం పోరాడుతున్న రోజులవి. జమీందారు మీద పోరులో ఒక్కటిగా నిలిచిన రైతూ కూలీ, కూలిరేటు ప్రశ్న వచ్చేసరికి ఎదురెదురుగా నిలవడానికి అవకాశమున్నది. పొరుగువారి హక్కులకు ఎలుగెత్తినవాడు తన ఇంటి వాకిట్లో వాటిని ఎంతవరకు పాటించాడన్నది సహాయానికి పెట్టవలసిన మొదటి పరీక్ష. ఈ పరీక్షలో డెల్టాకు నూటికి నూరు మార్కులు రావు.

రెండవ పరీక్షను చరిత్రే పెట్టింది. ఆశ్రయమిచ్చిన ప్రజ వేరు, ఆ గడ్డను ఏలే ప్రభుత్వం వేరు. 1947 ఆరంభంలోనే ప్రకాశం ప్రభుత్వపు ఆర్డినెన్సు కింద ఇక్కడి కమ్యూనిస్టులు జైళ్లకు పోయారు. 1948 సెప్టెంబరులో, 13 నుంచి 17 వరకు సాగిన సైనికచర్యతో నిజాం లొంగిపోయాడు. స్టేట్ కాంగ్రెసు ప్రవాసులు ఇంటికి మళ్లారు. కాని తెలంగాణా రైతుకు పోరు ముగియలేదు. అతడికి ఆసరా ఇచ్చిన డెల్టాకు అప్పుడే అసలు శిక్ష మొదలైనది. ప్రజాశక్తి మూతబడింది. మలబారు పోలీసులు ఊళ్లమీద పడ్డారు. 1949లో గుడివాడ ప్రాంతపు ఎలమర్రులో, ఉయ్యూరు దాపున ఉన్న కాటూరులో పోలీసులు గ్రామస్థులను వివస్త్రలను చేసి గాంధీ విగ్రహం చుట్టూ నడిపించారు. ఆ విగ్రహాన్నే సాక్షిగా ఎంచుకొన్నవారి మనస్సును వర్ణించడానికి విశేషణాలు అక్కరలేదు.

నిజాం జైలును ఖండించిన పత్రికలలో, పెద్దలలో ఎందరు కాటూరును ఖండించారు? శత్రువు జైలులో ఉన్న ఖైదీకే హక్కులుంటాయని నమ్మేవాడు హక్కులను నమ్మడం లేదు, శత్రుత్వాన్ని నమ్ముతున్నాడు. అయితే హక్కు అనేది ఎవరి సొత్తూ కాదని కూడా ఆ నిర్బంధమే రుజువు చేసింది. మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకుండా జారీచేసిన ఉత్తర్వును 1950 మేలో రమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. సంఘాలను చట్టవిరుద్ధమని ప్రకటించే అదే ప్రభుత్వపు అధికారాన్ని 1952లో వి.జి. రావ్ కేసులో తోసిపుచ్చింది. నేడు ఏ పార్టీవాడు వాక్స్వాతంత్ర్యం కోసం కోర్టుకెక్కినా ఈ తీర్పులను ఉదహరిస్తాడు. తెలంగాణాలో ఉరిశిక్ష పడిన పన్నెండుమంది రైతుల పక్షాన ఇంగ్లండునుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. 1951లో సుప్రీంకోర్టు వారి పిటిషన్లను త్రోసివేసినా, దేశదేశాల్లో లేచిన ఆందోళన వృథా పోలేదు. ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. ప్రిట్‌ను కూడా పరాయివాడనే అనవచ్చు. కాని ఆ పన్నెండు ప్రాణాలు పరాయివి కావు.

ఇప్పుడు క్యూబాకు పోదాము. అక్కడి ప్రవాసుల చరిత్ర 1959తో మొదలుకాలేదు. స్పెయిన్ మీద 1868లో మొదలైన పదేళ్ల యుద్ధంలో ఇల్లు విడిచినవారు ఫ్లారిడాలోని కీవెస్టులో, తరువాత టాంపాలో చుట్టల కర్మాగారాలలో చేరారు. అక్కడ వందల చేతులు పొగాకు చుడుతుంటే ఒకడు ఎత్తైన పీటమీద కూర్చుండి పత్రికలూ నవలలూ పైకి చదివేవాడు. ఆ కూలీల మధ్యనే హోసే మార్తీ 1892లో క్యూబన్ విప్లవ పార్టీని నిర్మించాడు. వారు తమ కూలిలోంచి ఇచ్చిన చందాలతో స్వాతంత్ర్య సమరం సాగింది. 1895లో మార్తీ స్వదేశానికి మళ్లి రణరంగంలో మరణించాడు. మూడేళ్లకు అమెరికా సైన్యం దిగింది, స్పెయిన్ పోయింది; 1901లో ప్లాట్ సవరణతో క్యూబా మెడకు అమెరికా పలుపు పడింది. ఆశ్రయమిచ్చిన గడ్డ ప్రవాసుల త్యాగానికి తన లెక్కలో ధర కట్టుకొన్నది.

1959 విప్లవం తరువాత లక్షలమంది అదే ఫ్లారిడాకు చేరారు. 1961లో సి.ఐ.ఎ. తర్ఫీదిచ్చిన ప్రవాస దళం బే ఆఫ్ పిగ్స్‌లో దిగి ఓడిపోయింది. 1996 హెల్మ్స్–బర్టన్ చట్టం దిగ్బంధాన్ని బిగించి, అసమ్మతి సంఘాలకు ధనసహాయాన్ని అధికారికం చేసింది. పేద జనం కంచంలో ముద్దను తగ్గించే చేయే వారి హక్కులకు చందా రాయడం ఘోరమైన వైరుధ్యం. ఇంతవరకు మన వామపక్ష మిత్రుల కోపం న్యాయమే.

కాని కథ అక్కడితో ఆగదు. పదివేల సంతకాలతో పౌరులు శాసనం ప్రతిపాదించవచ్చునని క్యూబా రాజ్యాంగమే అన్నది. ఆ మాట పట్టుకొని 2002లో ఓస్వాల్డో పాయా మిత్రులు 11,020 సంతకాలు సమర్పించారు. 2003 మార్చిలో 75 మంది అసమ్మతివాదులను పట్టి, 6 నుంచి 28 ఏళ్ల వరకు శిక్షలు వేశారు. వారి భార్యలు, తల్లులు తెల్లబట్టలు కట్టి హవానా వీధుల్లో మౌనంగా నడిచారు. 2011 నాటికి ఖైదీలు విడుదలైనా, పెక్కుమంది స్పెయినుకు ప్రవాసం పోవలసి వచ్చింది. వీరిపై మోపిన నేరమేమిటి? పరాయి రాజ్యానికి తోడ్పడ్డారని. ఈ నేరారోపణ తెలంగాణా రైతుబిడ్డకు కొత్తది కాదు. పైగా క్యూబా లోపలి అసమ్మతివాదులలో కొందరు అమెరికా దిగ్బంధాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. డబ్బు పంపినవాడి మాటే ఖైదీ మాట అనుకోవడం ఎంత పొరపాటో దీనివల్లనే తెలుస్తున్నది.

కనుక డెల్టా చరిత్రనుంచి మనం తీసుకోవలసిన కొలబద్దలు ఇవి. సహాయం కూలిడబ్బులోంచి వచ్చిందా, రాజ్యపు ఖజానాలోంచి వచ్చిందా అని అడగాలి. సహాయం చేసినవాడు తానుగా ఏ దెబ్బకు ఒళ్లొగ్గాడని అడగాలి. కాటూరు, ఎలమర్రు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవు, సుఖంగా చెక్కు రాసినవాడు చెప్పలేడు. తన వాకిట్లో ఆ హక్కులనే పాటిస్తాడా అని అడగాలి. ఈ ప్రశ్నలన్నీ సహాయకునికి వేయవలసినవి. జైలులో ఉన్నవాడిని గురించి అడగవలసినది ఒక్కటే: అతడు చేసిన పని ఏమిటి? సంతకం సేకరించినందుకు, సభ పెట్టినందుకు, పద్యం రాసినందుకు జైలులో ఉంటే, అతడి చందాదారుడు ఎవరైనా సరే, అతడు విడుదల కావలసినవాడే.

'మా భూమి'ని నిషేధించిన ప్రభుత్వం నిజాముది కాదన్న సంగతి మరువనివారు, హవానా జైలు తలుపు దగ్గర మాత్రం గొంతు తగ్గించుకోలేరు.