రేకు మారదు, పాట మారుతుంది

తిరుమల ఆలయంలో సంకీర్తన భాండాగారం అనే చిన్న రాతిగది ఉంది. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాల పాటు అందులోనే పడి ఉన్నాయి. రేకు మీద సాహిత్యం ఉంటుంది, రాగం పేరు ఉంటుంది, స్వరాలుండవు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు ఎన్నో కీర్తనలకు కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. రేకు మారకుండానే వినబడే పాట మారవచ్చు. ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ చరిత్ర చదువుతుంటే నాకు ఆ రేకులే గుర్తొచ్చాయి.

డీఎన్‌ఏని రేకు అనుకుంటే, ఆర్‌ఎన్‌ఏ దాన్ని చూసి రాసుకున్న ప్రతి. ఆ ప్రతిలో అక్షరం మార్చే ఎంజైము పేరు ఏడార్. 1987లో బ్రెండా బాస్, హెరాల్డ్ వైన్‌ట్రాబ్ కప్పల్లో దీని జాడ చూసి, జంటపేటల ఆర్‌ఎన్‌ఏని విప్పడమే దీని పని అనుకున్నారు. మరుసటి ఏడాదికి అసలు సంగతి తేలింది. అది అడినోసిన్‌ని ఇనోసిన్‌గా మారుస్తోంది. అక్షరం మారితే జంట సరిగ్గా అతకదు, పేటలు వదులవుతాయి.

1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో బృందం జంటపేటల ఆర్‌ఎన్‌ఏని సీ. ఎలెగాన్స్ అనే సన్నటి పురుగులోకి ఎక్కిస్తే, దానికి జోడైన జన్యువు మూగబోతుందని చూపింది. 2006లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. డైసర్ అనే ఎంజైము జంటపేటల్ని ఇరవై చిల్లర అక్షరాల ముక్కలుగా కోస్తుందని, ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలే జన్యువుల నోరు మూయిస్తాయని తర్వాత తేలింది. అంటే ఏడార్‌కీ డైసర్‌కీ కావలసిన సరుకు ఒకటే.

ఈ పోటీ ఎంత ముఖ్యమో 2003లో బాస్ ప్రయోగశాల చూపింది. ఏడార్ జన్యువులు లేని పురుగులు వాసన పట్టి కదలడంలో తడబడ్డాయి. వాటిలోనే చిన్న ఆర్‌ఎన్‌ఏ యంత్రాంగాన్ని కూడా పాడుచేస్తే మళ్ళీ మామూలుగా కదిలాయి! ఒక లోపానికి ఇంకో లోపం మందైంది. పురుగుని చెడగొట్టింది ఏడార్ లేకపోవడం కాదు, అడ్డులేకుండా పోయిన మూగబెట్టడం. ఏడార్‌ని ఒక్కదాన్నే చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

చిన్న ఆర్‌ఎన్‌ఏల చేతికి అడ్డులేకపోవడం ఎందుకంత ప్రమాదం? 2004లో మణికా పాల్-భద్ర, హైదరాబాదు సీసీఎంబీకి చెందిన ఉత్పల్ భద్ర, అమెరికా సహచరులతో కలిసి పండుఈగల్లో చేసిన పని దీనికి జవాబిస్తుంది. ఆ యంత్రాంగం చెడితే, క్రోమోజోముల్లో మూగగా ఉండాల్సిన భాగాలు నోరు విప్పుతున్నాయి. అంటే దాని ప్రభావం ప్రతిని దాటి రేకులున్న గది తాళం దాకా వెళ్తుంది.

అలాగని ఏడార్, డైసర్ ఆగర్భశత్రువులూ కావు. చిన్న ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారితే అది వేరే జన్యువుల మీదికి మళ్ళుతుందని 2007లో కజుకో నిషికురా బృందం చూపింది. ఏడార్1 డైసర్‌తో జతకట్టి దాని పనిని వేగం చేస్తుందని 2013లో చెప్పిందీ ఆ బృందమే.

సవరణ అనగానే మనకి తప్పు దిద్దడమే తడుతుంది. కణంలో జరిగే సవరణ మాత్రం, ఏ పాట వినిపించాలి, ఏది గదిలోనే ఉండిపోవాలి అన్న నిర్ణయంలో ఒక భాగం.