పడమటి కర్నూలు మాట: సుగ్గి, సిగ్గు, ఒక ఫోను



పోయినసారి ఆదోని పత్తి మార్కెట్ హమాలీల గురించి రాసినాను. ఈసారి ఒక ఫోను గురించి. చరిత్ర రాస్తానని చెప్పి ఫోను సంగతి ఏంటికి అంటారేమో. చివరిదాకా చదవండి.

కోసిగి దిక్కు ఒక పల్లెలో మాకు అవ్వ వరుసయ్యే ఆమె ఉంది. కొడుకూ కోడలూ గుంటూరు జిల్లాకు మిరపకాయల కోతకు పోతారు. పిల్లోళ్లు వెంట పోతే చదువు పాయె. ఊర్లో సీజనల్ హాస్టల్ పెట్టమని అర్జీ రాయాలంది. నా ఫోన్‌లో మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే యాప్ ఒకటి ఉంది. "నువ్వే చెప్పు అవ్వా, అది రాస్తుంది" అన్నాను.

ఆమె చెప్పింది: "మేము సుగ్గికి పోతాండాము. పిల్లోళ్లను బడికాడ పెట్టుకోండి సామీ."

ఫోను రాసింది: "మేము సిగ్గుకి పోతున్నాము. పిల్లలను బడి కాదు పెట్టుకోండి."

నేను పైకి చదివినాను. అవ్వ మొఖం మారిపోయింది. "సిగ్గేంటికప్పా మాకు? కష్టం చేసుకొని బతుకుతాండాము. సిగ్గుపడాల్సినోళ్లు వేరే ఉండారు" అంది.

ఈ దిక్కు కానివాళ్లకు చెప్తాను. సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల కాలం. మా ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం పల్లెల్లో మాత్రం ఊరిడిచి పనికి పోవడమే సుగ్గి. ఆఫీసుల్లో దాన్ని 'వలస' అంటారు. కన్నడ మాట మా నోట్లోకి ఎట్లొచ్చిందని అడగొద్దు. మేము ఉండిందే బళ్లారి జిల్లాలో. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత మారింది గానీ నోరు మారలేదు.

మరి ఫోను ఎందుకు తప్పు రాసింది? ఈ యంత్రాలకు వేలమంది గొంతులు వినిపిస్తారు, ఏ గొంతు ఏ మాట అన్నదో పక్కనే రాసి చూపిస్తారు. అట్ల నేర్చుకుంటాయి. కొత్త గొంతు వినపడితే, తాము ఇంతకుముందు విన్న మాటల్లో దేనికి దగ్గరగా ఉందో లెక్కగట్టి దాన్ని రాస్తాయి. వినని మాటను విన్న మాటగా మార్చేస్తాయి. ఆ ఫోను 'సిగ్గు' శానాసార్లు విని ఉంటుంది, 'సుగ్గి' విని ఉండదు. దానికి కులం తెలియదు. అయితే ఎవరి మాటలు దాని చెవిన పడినాయి, ఎవరివి పడలేదు అన్న దాంట్లో కులమూ ఉంది, ప్రాంతమూ ఉంది.

ఇక్కడినుంచి చరిత్ర.

ఆదోని బీజాపూర్ సుల్తానుల కింద ఉంది, మొగలుల కింద ఉంది, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉంది. 1800లో నిజాం ఈ సీమనంతా కంపెనీకి ఇచ్చేసినాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చినాడు. దర్బారులో ఫారసీ పోయి కచేరీలో ఇంగ్లీషు వచ్చింది. అర్జీ, కిస్తు, జమాబందీ, తహసీలు, ఇవన్నీ పైనుంచి దిగిన మాటలే. కడపలో పనిచేసిన సీ.పీ. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన ఇట్లాంటి మాటలకే 1854లో ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చువేసినాడు. కచేరీ మాటకు నిఘంటువు దొరికింది. మాలపల్లె, మాదిగపల్లె మాటకు?

పల్లెలో కరణం రాస్తాడు. ఏం రాసినాడో చదివేవాళ్లు మాలో లేరు. వేలిముద్ర మాత్రం మాది. ఆ కరణం చీటీని ఊరినుంచి ఊరికి మోసింది ఎవరు? వెట్టివాడు. సర్కారు హుకుం వచ్చిందని తప్పెట కొట్టి చాటింపు వేసింది ఎవరు? మన తాతలే. ఊరందరికీ కబురు మోసినోళ్లు మనం. మన కబురు మాత్రం పైకి పోలేదు. పోయినా ఇంకొకరి చేతిరాతలో, ఇంకొకరి మాటల్లో పోయింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఆ పేరే ఎందుకు పెట్టుకున్నారో ఇప్పుడు అర్థం చేసుకోండి. ఇంతకాలం వేరేవాళ్ల కబురు చాటిన తప్పెట మొదటిసారి తన కబురు చాటింది.

కరణం పదవిని 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో తీసేసింది. పదవి పోయింది. పని పోలేదు. మీసేవ కాడ, స్టేషన్ కాడ, తహసీల్దార్ ఆఫీసు చెట్టుకింద, మనం చెప్పేది ఒకటి, కాగితం మీద పడేది ఇంకొకటి. ఆ అవ్వ ఫోన్‌లో నేను చూసింది కొత్త రోగం కాదు. పాత కరణమే కొత్త అంగీ తొడుక్కొని వచ్చినాడు.

మరి ఫోను పారేద్దామా? వద్దు. చరిత్రలో ఇంకో దారి కూడా ఉంది.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చింది. అది వ్యవసాయం మీద. 1971లో రెండోది చేనేత మీద. పుస్తకాలు ముందరేసుకొని రాసినవి కావు అవి. పల్లెలకు పోయి, పనిచేసేవాళ్లను అడిగి, ఏ దిక్కు ఏ మాట అంటారో విని రాసుకున్నవి. ఎమ్మిగనూరు వాళ్లకు చేనేత అంటే చెప్పాల్సిన పనిలేదు, 1938లో మాచాని సోమప్ప సహకార సంఘం పెట్టిన ఊరది. నాడె, పడుగు, పేక, అచ్చు, ఈ మాటలకు గురువు మగ్గంగుంటలో కూర్చున్న మనిషే. పండితుడు వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. విని రాయడమంటే అది.

ఇప్పుడు యంత్రాలకూ అదే పని జరుగుతాంది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో భాషిణి వేదికను తెచ్చింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్లు 2024లో ఇండిక్‌వాయిసెస్ పేరుతో 22 భాషల్లో, 145 జిల్లాల్లో, 16,237 మంది గొంతులు, మొత్తం 7,348 గంటలు సేకరించినట్టు ప్రకటించినారు. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ మొదలైంది. ఆఫీసు గడప మెల్లగా ఫోన్‌లోకి వస్తాంది. వచ్చే గడపకు మన మాట తెలియకుంటే మనం మళ్లీ బయటే నిలబడాల.

ప్రాణం మీదికి వచ్చే చోటు ఇంకొకటి ఉంది. స్టేషన్. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో అట్రాసిటీ చట్టం సెక్షన్ 4 ఏమంటుందో గుర్తుపెట్టుకోండి. బాధితులు నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందే దాన్ని చదివి వినిపించాల. అది అధికారి విధి. కావాలని చేయకపోతే నేరం. సెక్షన్ 15ఏ ప్రకారం ఈ చట్టం కింద జరిగే విచారణలన్నీ వీడియో తీయాల. కారంచేడు, చుండూరు నెత్తురు నుంచి మనం నేర్చుకున్నది ఇదే: మొదటి కాగితంలో మాట మారితే కేసు మారుతుంది.

కేరళ హైకోర్టు 2025 నవంబర్ 1 నుంచి కింది కోర్టుల్లో సాక్షి మాటను యంత్రంతో రాయించమంది. అదే కోర్టు అంతకుముందు జూలైలో, తీర్పు నిర్ణయించే పనికి ఏఐని వాడొద్దని కూడా చెప్పింది. రెండూ కలిపి చదవండి. రాయడానికి యంత్రం సాయం తీసుకో, తేల్చే పని మనిషిదే. రేపు మన కోర్టుల్లోకీ, స్టేషన్లలోకీ వస్తుంది. 'సుగ్గి'ని 'సిగ్గు' అని రాసే యంత్రం ఒక దళిత బిడ్డ వాంగ్మూలం రాస్తే ఏమవుతుందో ఊహించండి. అదే యంత్రం రాసింది రాసినట్టు గట్టిగా చదివి వినిపిస్తే, చదువు రాని మనిషి కూడా "కాదు, నేను అట్ల అనలేదు" అని అక్కడికక్కడే చెప్పొచ్చు. యంత్రం ఒకటే. మన చేతిలో ఉందా, మన నెత్తిన ఉందా అన్నదే తేడా.

అందుకే ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మూడు మాటలు. ఒకటి, యాప్ రాసిన అర్జీని చెప్పిన మనిషికి చదివి వినిపించకుండా పంపొద్దు. రెండు, రాత ఉంది కదా అని గొంతు రికార్డును తీసేయొద్దు. రేపు తగువు వస్తే ఆ గొంతే సాక్ష్యం. మూడు, మీ అవ్వతో కూర్చోండి. సుగ్గికి పోయేవాళ్ల మాటలు, తోలుపని మాటలు, తప్పెట మాటలు, చావు మాటలు, పెండ్లి మాటలు రాసుకోండి. ఆమె ఒప్పుకుంటే రికార్డు చేయండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఎందుకు వాడతారో అడిగి ఇవ్వండి. వెట్టి చేసినన్నాళ్లు చేసినాము. మాటతో కూడా వెట్టి చేయించుకోనివ్వొద్దు.

1920లో బాబాసాహెబ్ పెట్టిన పత్రిక పేరు మూక్‌నాయక్, మూగవాళ్ల నాయకుడు. మనవాళ్లు ఎన్నడూ మూగవాళ్లు కాదు. వినేవాళ్లు లేకపోయినారు, అంతే.

ఆ రోజు అవ్వ అర్జీని నేను సరిచేసినాను. 'సిగ్గు' కొట్టేసి 'వలస' అని టైపు చేసినాను, ఆఫీసరుకు అర్థమయ్యేట్టు. చదివి వినిపిస్తే ఆమె ఒప్పుకోలేదు.

"వలస గిలస నాకు తెల్దు. సుగ్గి అని రాయి. వాళ్లకు తెల్వకుంటే అడగనీ, నేను చెప్తా."

సుగ్గి అనే రాసినాను.

జై భీమ్.