దైవస్వరూపం – మానవ గౌరవం

క్రైస్తవ వేదాంతంలో మానవుని గురించిన మూలభావన ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉన్నది. దేవుడు స్త్రీపురుషులను తన స్వరూపంలో సృజించాడన్నదే ఆ భావన. ప్రాచీన ఈజిప్టు, మెసొపొటేమియాలలో దైవప్రతిరూపమన్న గౌరవం ప్రధానంగా రాజులకు దక్కేది. ఆదికాండం దానిని మానవులందరికీ వర్తింపజేసింది.

ఆ స్వరూపం మనిషిలో ఎక్కడున్నదన్న విషయమై వేదాంతులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. 2వ శతాబ్దపు ఇరేనియస్ స్వరూపానికీ పోలికకూ భేదం చూపాడు. అగస్టీన్ జ్ఞాపకం, జ్ఞానం, సంకల్పం అనే మనశ్శక్తులలో త్రిత్వపు ఛాయను దర్శించాడు. 16వ శతాబ్దంలో కాల్విన్, పాపం వల్ల ఆ స్వరూపం వికృతమైనా పూర్తిగా నశించలేదనీ, అపరిచితుని సైతం ఆదరించవలసినది అందుకేననీ బోధించాడు.

తెలుగునాట ఈ భావనకు గట్టి పరీక్ష ఒంగోలులో ఎదురైనది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అక్కడికి చేరాడు. అదే ఏడాది మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆ వర్గంవారిని చేర్చుకుంటే తమ పిల్లలను మిషను బడి మాన్పిస్తామని అగ్రవర్ణాలవారు హెచ్చరించారు. క్లౌ దంపతులు వెనుదీయలేదు. అంటరానివారన్న ముద్ర మోసినవారే ఆ సంఘానికి పునాది అయినారు.

1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని కుదిపివేసింది. నాడు సేలం జిల్లాలో భాగమైన ధర్మపురి ప్రాంతమూ దాని వాత పడినది. ఒంగోలు వైపు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని క్లౌ గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువుకాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. దానమిచ్చేటప్పుడు సైతం పుచ్చుకొనేవాని మనస్సాక్షిని గౌరవించడం ఇందులోని విశేషం. అనంతరం 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజునే బాప్తిస్మం పొందారు.

అంతటితో కులభేదం అంతరించలేదు; చర్చిలలోనూ అది కొనసాగింది. సిద్ధాంతాన్ని అంగీకరించినంత సులువుగా పంక్తిభేదాన్ని విడనాడలేకపోవడం చరిత్ర చెప్పే చేదు నిజం.

దైవస్వరూపం ప్రతిభకు లభించే బహుమానం కాదు, పుట్టుకతోనే సంక్రమించిన గౌరవమన్నది ఈ బోధ సారాంశం. మార్కుల పట్టికలో చివరనున్న బాలునికీ అది మొదటివానితో సమానంగానే చెందుతుంది. విద్యాలయం ఏ మతస్థులదైనా, ఆ సమత్వాన్ని తరగతి గదిలో నిలుపుకొన్ననాడే దాని వయస్సుకు అర్థం చేకూరుతుంది.