అర్ధరాత్రి తెరపై మెక్సికో

భారతదేశంలో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌ను చూసిన తొలి జ్ఞాపకం ఏదని అడిగితే, ఒక తరం అభిమానులు 1986 నాటి మెక్సికో పోటీలనే పేర్కొంటారు. అంతవరకు ప్రధానంగా పత్రికల ద్వారా, రేడియో ద్వారా తెలిసిన ఆటగాళ్లు, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం వల్ల, అంటే ఆట సాగుతున్న క్షణంలోనే దృశ్యం అందడం వల్ల, ఇళ్లలోకి వచ్చారు. ఐరోపా ప్రేక్షకులకు సాయంత్రం వేళ కుదిరేలా పలు మ్యాచ్‌లను మెక్సికోలో మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆడించారు; ఆటగాళ్ల పాలిట శిక్షే అయిన ఆ ఏర్పాటు వల్ల ఇక్కడ రాత్రి 11.30కు ఆట మొదలయ్యేది. టీవీ ఉన్న ఇంట ఇరుగుపొరుగు చాపల మీద చేరగా, ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, బొమ్మ కుదిరిందో లేదో కిందినుంచి మరొకరు కేక వేసేవారు.

1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడినప్పటి నుంచి బ్రెజిల్‌ను అభిమానించిన బెంగాల్‌లోనూ, కేరళలోనూ ఆ మెక్సికో పోటీల్లో ఆడిన మారడోనా కారణంగా అర్జెంటీనా పక్షం బలపడింది. తెలుగు నేలకూ ఈ ఆట కొత్తది కాదు: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీయుడే.

మెక్సికోలో ఇంగ్లండ్‌పై మారడోనా చేతితో ఒక గోల్, నాలుగు నిమిషాలకే అరడజను మందిని దాటి మరో గోల్ చేసిన రోజు చరిత్ర గ్రంథాల్లో జూన్ 22. అయితే అప్పటికి ఇక్కడ అర్ధరాత్రి దాటి, గోడ మీది క్యాలెండరు ప్రకారం 23 వచ్చేసింది.