ఉపాధ్యాయుని చదువు

బిడ్డల చదువును గూర్చి మాటలాడని గృహస్థుడు మన దేశమున లేడు. ఆ బిడ్డలకు చదువు చెప్పు ఉపాధ్యాయుని చదువును గూర్చి తలపోయువారు మాత్రము అరుదు. ఒకప్పుడు శిక్షణ ముగించి పట్టా గైకొని బడిలో ప్రవేశించినవాడు ముప్పది యేండ్లు ఆ మూలధనముతోనే కాలము గడపవచ్చునని మనము నమ్ముచున్నాము. క్రొత్త మందు నెరుగని వైద్యుని విడిచి వేరొకని యొద్దకు పోవుదుము. క్రొత్త నేత నెరుగని నేతగానికి బేరము తగ్గును. ఉపాధ్యాయుని విషయమున మాత్రము ఈ విచారణ మనకు లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ విషయము నడచిన తీరును పరిశీలించి మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

పూర్వపు వీధిబడి పంతులునకు శిక్షణాలయము లేదు. తన గురువు తనకు చెప్పినట్లు తాను చెప్పుటయే యాతని విద్య. పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. పెద్దవారు చిన్నవారికి పాఠము చెప్పెడివారు. 1789 లో చెన్నపట్టణమందలి ఎగ్మూరు అనాథశరణాలయమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అనునాతడు ఇట్టి దేశీయపు బడి నొకదానిని చూచి, ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. 1797 లో దానిని గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. అది మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లండున వ్యాపించెను. ఇందు మనము గ్రహింపవలసినది మన గొప్ప కాదు. ఒక ఉపాధ్యాయుడు పరుల తరగతిని శ్రద్ధతో చూచినంతనే తన తరగతిని మార్చుకొనగలిగెను, అదియే గ్రహింపదగినది.

పిదప 1854 నాటి వుడ్ దొర విద్యాలేఖలో ఉపాధ్యాయ శిక్షణకు పాఠశాలలు కావలయునని నిర్ణయింపబడెను. చెన్నపట్టణమున అట్టి పాఠశాల వెలసెను. కాని ఆ కాలముననే పరీక్షాఫలితములను బట్టి బడికి ధనమిచ్చు పద్ధతి ఇంగ్లండునందును ఇచ్చటను బలిసెను. పరీక్షాధికారి వచ్చు దినమే ఉపాధ్యాయునకు సంవత్సరమంతయు నయ్యెను. శిక్షణాలయమున నేర్చిన బోధనాక్రమము మరుగునపడి వల్లెవేయించుట నిలిచెను. తనిఖీ యనిన భయమేకాని సాహాయ్యము కాదను భావము మన ఉపాధ్యాయులలో నేటికిని పోలేదన్నచో దాని మూలము ఇచ్చట నున్నది.

నైజాము రాష్ట్రమున చిక్కు వేరు. 1918 లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెను. దేశభాషలో బోధించుట ఆ దినములలో సాహసకార్యమే. కాని తెలుగు బిడ్డలకు ఉర్దూ ఇంటి భాష కాదు. 1921 లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో తెలుగున ప్రసంగింపబూనిన ఆలంపల్లి వెంకట రామారావుగారిని హేళన చేయుటయు, అందుచే ఆంధ్ర జనసంఘము పుట్టుటయు చరిత్రప్రసిద్ధము. దాని వారసురాలైన ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశము 1935 లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను సిరిసిల్లలోనే జరిగెను. ప్రాథమిక విద్య మాతృభాషలో జరుగవలయుననుట ఆ సభ కోరికలలో ముఖ్యమైనది. సిరిసిల్ల చెంత హనుమాజీపేటలో 1931 లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు పట్టభద్రులగువరకు ఉర్దూ మాధ్యమముననే చదివి, తరువాత తెలుగు కవులై 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. ప్రతిభావంతుడు గోడ దుమికి పోవును. సామాన్య బాలునకు ద్వారము కావలయును. ఆ ద్వారము తెరచువాడు ఉపాధ్యాయుడు.

స్వాతంత్ర్యానంతరము 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘము ఒక ఉన్నత పాఠశాల చుట్టు నున్న చిన్న బడులను కూర్చి పాఠశాలా సముదాయము లేర్పరుపుమని సూచించెను. 1986 నాటి జాతీయ విద్యావిధానమును బట్టి జిల్లా శిక్షణాలయములు వెలసెను. ఆ దశాబ్దమందే బ్రిటిషు ప్రభుత్వ సాహాయ్యముతో ఆంధ్రప్రదేశమున ప్రాథమిక విద్యాపథక మారంభమయ్యెను. పిల్లలు చేసి నేర్చుకొనుట, ఒంటరిగను జట్టుగను పనిచేయుట, వారి వారి తారతమ్యములను గమనించుట, ఊరి పరిసరములను పాఠమునకు వినియోగించుట మున్నగు ఆరు సూత్రములు దాని కాధారములు. ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు కలిసికొనుటకు ఉపాధ్యాయ కేంద్రములు నేర్పడెను. 1996 లో జిల్లా ప్రాథమిక విద్యాపథకము రాష్ట్రమున మొదట ప్రవేశించిన అయిదు జిల్లాలలో కరీంనగరమొకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ జిల్లాలోనివే. జగిత్యాలయు సిరిసిల్లయు ప్రత్యేక జిల్లా కేంద్రములైనది 2016 అక్టోబరు 11 న. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడు ఏటేట కనీసము 50 గంటలు నేర్చుకొనవలయునని కోరినది.

ఏర్పాటులకు లోపము లేదు. మరి తరగతి ఏల మారదు? మా యభిప్రాయమున దోషము కాలువ పద్ధతిలో నున్నది. రాజధానిలో కొందరు నేర్చి జిల్లావారికి చెప్పుదురు. జిల్లావారు మండలమువారికి, మండలమువారు ఉపాధ్యాయులకు చెప్పుదురు. చెరువు నిండుగ నున్నను చివరి మడికి నీరందదు. నీరు తగ్గుటయే కాదు, ప్రశ్న ఎదురెక్కదు. సిరిసిల్లలో మరమగ్గముల హోరు నడుమ పెరిగిన పిల్లకును, తండ్రి గల్ఫు దేశమునకు పోగా తల్లి బీడీలు చుట్టి పోషించుచున్న జగిత్యాల బాలునకును చదువు ఎట్లు చెప్పవలయునను ప్రశ్న పైనుండి దిగదు; క్రిందనే పుట్టును. పుస్తకమున మొక్కజొన్న యని యున్నప్పుడు బాలుడు మక్కలని చెప్పిన, అది తప్పని దిద్దువాడొకడు. రెండు మాటలను నల్లబల్లపై వ్రాసి పాఠమును సాగించువాడొకడు. ఈ రెండవవాడు ఏ ఉపన్యాసమువలనను తయారు కాడు. తోటివాడు తరగతిలో కూర్చుండి చూచి, పిదప స్నేహముతో చర్చించినచో తయారగును.

జపానులో ఈ యాచారము చిరకాలముగ నున్నది. ఉపాధ్యాయులు కొందరు కలసి ఒక పాఠమును సిద్ధపరుతురు. ఒకరు బోధింప తక్కినవారు చూతురు. అందరును చర్చించి పాఠమును సవరింతురు. ఇందు దోషము పాఠమునకే గాని మనిషికి అంటదు. దీనికి గొప్ప ధనవ్యయము అక్కరలేదు. కావలసినవి మూడు: సముదాయ సమావేశమున సర్క్యులర్లు చదువుట తగ్గించి ఒక పాఠమునైన చూచుట, ప్రతివాడు తన తరగతిలోని ఒక చిక్కును తెచ్చి మరుసటి మాసమున దాని ఫలితమును చెప్పుట, చూడవచ్చిన అధికారి గుణదోషముల పట్టికను విడిచి మిత్రుడగుట.

గృహస్థులకును ఇందు పనియున్నది. ఉపాధ్యాయుడు శిక్షణకు పోయిన దినమున బడి చెడెనని నిందింతుము. తిరిగివచ్చిన పిదప ఏమి నేర్చి వచ్చెనని యడుగము. ఆ ప్రశ్నను గౌరవముతో నడుగుట నేర్చుకొందము. తాను నేర్చుచున్న గురువే యితరులకు నేర్పగలడు. ఒకనాడు భాషకొఱకు సభ చేసిన సిరిసిల్ల సీమలో, ఆ భాషలో పాఠము చెప్పువాని విద్యాభివృద్ధికొఱకు ఊరి పెద్దలు పాటుపడుట ఉచితము. ఆ పాటు నేడే యారంభమగుగాక!